రాగి కాంప్లెక్స్‌కి 17 మి.మీ. జోన్ వచ్చింది: ఇక దాన్ని యాంటీమైక్రోబియల్ అనొచ్చా?

మీరు అడిగింది ఇది. సాలిసిలాల్డిహైడ్‌ని ఒక అనిలీన్‌తో కలిపి షిఫ్ బేస్ లైగాండ్ (లోహాన్ని పట్టుకునే సేంద్రియ అణువు) చేశారు. దాంతో రాగి, నికెల్, కోబాల్ట్, జింక్ అసిటేట్లు వాడి నాలుగు కాంప్లెక్సులు (లోహం, లైగాండ్ కట్టుకున్న సమ్మేళనాలు) చేశారు. డిస్క్ పరీక్షలో స్టాఫిలోకాకస్ ఆరియస్ మీద లైగాండ్‌కి 9 మి.మీ., రాగి కాంప్లెక్స్‌కి 17 మి.మీ. జోన్ (డిస్క్ చుట్టూ బాక్టీరియా పెరగని వలయం) వచ్చింది. "కీలేషన్ (లైగాండ్ లోహాన్ని పట్టుకోవటం) వల్ల చర్య పెరిగింది" అని రాసి పేపర్ పంపెయ్యొచ్చా, ఇంకేమైనా చెయ్యాలా అన్నారు.

ఇప్పుడే పంపకండి. మీ పనిలో మూడు ప్రయోగాలు లేవు. ఒకటి, కాంప్లెక్స్‌లో ఎంత రాగి ఉందో సరిగ్గా అంతే రాగి ఉన్న రాగి అసిటేట్‌ని పక్కనే పెట్టి చూడటం. రెండు, డీఎంఎస్‌ఓ ద్రావణిలోనూ, బాక్టీరియా పెరిగే ద్రవంలోనూ కాంప్లెక్స్ చెక్కుచెదరకుండా ఉంటోందో లేదో చూడటం. మూడు, జోన్ బదులు ఎంఐసీ (బాక్టీరియా పెరుగుదలని ఆపే కనీస మోతాదు) కొలవటం. ఈ మూడూ చేశాక కూడా రాగి కాంప్లెక్సే ముందుంటే అప్పుడు మీ దగ్గర నిజంగా చెప్పుకోదగ్గ విషయం ఉన్నట్టు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ కాంప్లెక్సులు చేస్తున్నాను. మొదటి ఆరేడేళ్లు మీరు చేసినట్టే చేశాను. అందుకే ఎక్కడ పొరపాటు పడతామో కొంచెం వివరంగా రాస్తాను.

ఉప్పు (అంటే లోహ లవణం, ఇక్కడ రాగి అసిటేట్) కంట్రోల్ ఎందుకంత ముఖ్యం?

రాగి అయాన్ తనంతట తానే బాక్టీరియాకి విషం. కణంలోకి చేరితే ఎంజైముల్లో ఉండే ఇనుము-గంధకం గుచ్ఛాల్ని విడగొడుతుంది. దాంతో కొన్ని అమైనో ఆమ్లాల తయారీ ఆగిపోతుంది. ఎశ్చరిషియా కోలిలో ఈ సంగతి బాగా రుజువైంది. కాబట్టి మీ డిస్క్ మీద రాగి కాంప్లెక్స్ పని చేసిందంటే రెండు అర్థాలుండొచ్చు. కాంప్లెక్స్ అణువే పని చేసి ఉండొచ్చు, లేదా కాంప్లెక్స్ విడిపోయి బయటికొచ్చిన రాగి పని చేసి ఉండొచ్చు. లైగాండ్‌తో పోల్చినంత మాత్రాన ఈ రెండూ వేరుపడవు. లైగాండ్‌లో రాగే లేదు కదా.

ఒకసారి నా విద్యార్థి ఒకరు చేసిన రాగి కాంప్లెక్స్ స్టాఫ్ (స్టాఫిలోకాకస్ ఆరియస్) మీద ఎంఐసీ 32 ఇచ్చింది (ఇకపై ఎంఐసీ అంకెలన్నీ మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో). అందరం సంతోషించాం. థీసిస్‌లో ఒక అధ్యాయం దాదాపు రాసేశారు కూడా. చివర్లో పక్క ల్యాబ్‌లోని సూక్ష్మజీవ శాస్త్రవేత్త "ఉప్పు పెట్టారా?" అని అడిగారు. పెట్టలేదు. పెట్టి చూస్తే, రాగి మోలార్లలో (బరువులో కాక అణువుల సంఖ్య ప్రకారం) లెక్కేస్తే, అసిటేట్‌కీ కాంప్లెక్స్‌కీ తేడా లేదు. ఆ అధ్యాయం మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి మా దగ్గర ఉప్పు కంట్రోల్ లేని ప్లేట్‌ని నేను చూడను.

ఇక్కడ లెక్క జాగ్రత్తగా వెయ్యాలి. మీ లైగాండ్ అణుభారం 240 అనుకుందాం. రెండు లైగాండ్లు ఒక రాగికి కట్టుకుంటే కాంప్లెక్స్ భారం సుమారు 542. మిల్లీలీటరుకు 64 మైక్రోగ్రాములు అంటే లైగాండ్ 267 మైక్రోమోలార్, కాంప్లెక్స్ 118 మాత్రమే. ఈ 118కి సమానమైన రాగి అసిటేట్ మోనోహైడ్రేట్ సుమారు 24 మైక్రోగ్రాములు. అంటే ఉప్పుని 64 దగ్గర పెట్టి పోలిస్తే దానికి రెండున్నర రెట్లకు పైగా ఎక్కువ రాగి ఇచ్చినట్టు. అలాగే ఒక కాంప్లెక్స్‌లో రెండు లైగాండ్లున్నాయి కాబట్టి, లైగాండ్‌ని కాంప్లెక్స్ మోలార్ మోతాదుకి రెట్టింపు దగ్గర కూడా పరీక్షించాలి. బరువుల్లో పోల్చిన పట్టికలు నాకిప్పుడు కనబడితే ముందు కూర్చుని మోలార్లలోకి మార్చుకుంటాను. చాలాసార్లు వరుస క్రమమే మారిపోతుంది.

ఇంకో కంట్రోల్ ఉంది, దాన్ని చాలామంది చెయ్యరు. ప్లేట్ గుంటలోనే రాగి అసిటేట్‌నీ లైగాండ్‌నీ 1:2 నిష్పత్తిలో విడివిడిగా వేసి కలపండి. మీరు కష్టపడి స్ఫటికాలు చేసి వేసిన కాంప్లెక్స్‌కీ, ఈ మిశ్రమానికీ ఒకే ఎంఐసీ వస్తే ఆశ్చర్యపోకండి. రాగి 2+ అయాన్ చుట్టూ ఉన్న నీటి అణువులు సెకనుకు వంద కోట్ల సార్ల స్థాయిలో మారిపోతుంటాయి. అంత చురుకైన లోహం ద్రవంలోకి వెళ్లాక తను ఏ సీసాలోంచి వచ్చిందో గుర్తుపెట్టుకోదు. అక్కడున్న లైగాండ్లన్నిటి మధ్యా సమతాస్థితికి చేరిపోతుంది. జింక్ కూడా అంతే. నికెల్ కొంచెం నెమ్మది. కోబాల్ట్ 3+, రుథేనియం 2+ లాంటివి మాత్రం లైగాండ్లని అంత తేలిగ్గా వదలవు. వాటితో చేసిన కాంప్లెక్స్ కణం దాకా అదే అణువుగా వెళ్తుందని కొంత ధైర్యంగా అనుకోవచ్చు. ఆస్ట్రేలియాలో రసాయన శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డ్వయర్ 1950ల్లోనే రుథేనియం ఫినాంత్రోలిన్ కాంప్లెక్సుల మీద బాక్టీరియా పరీక్షలు చేశారు. ఆ దారి ఇప్పటికీ విలువైనదే అని నా నమ్మకం.

లైగాండ్ ఒక్కటే పని చేస్తే?

ఇది కూడా అనుకున్నంత తేలిక విషయం కాదు. 8-హైడ్రాక్సీక్వినోలిన్ అనే లైగాండ్ సంగతి తీసుకోండి. ఇది బాక్టీరియాకి కావలసిన లోహాల్ని లాక్కుని ఆకలితో చంపుతుందని మొదట్లో అనుకున్నారు. రసాయన శాస్త్రవేత్త ఏడ్రియన్ ఆల్బర్ట్ బృందం చేసిన పనిలో దానికి వ్యతిరేకంగా తేలింది. లోహాలు లేని శుద్ధ జలంలో ఉంచిన స్టాఫ్‌ని అది చంపలేదు. కొంచెం ఇనుము కలపగానే చంపింది. పైగా మోతాదు బాగా పెంచితే చర్య తగ్గిపోయింది, ఎందుకంటే లైగాండ్ ఎక్కువైనప్పుడు ఇనుము చుట్టూ మూడు లైగాండ్లు నిండిపోతాయి. అంటే "లైగాండ్" అని మీరు రాసిన గుంటలో కూడా ద్రవంలోని లోహంతో కాంప్లెక్స్ తయారై పని చేస్తూ ఉండొచ్చు. మీ లైగాండ్ ఎంఐసీ వింతగా ఉంటే, అంటే తక్కువ మోతాదులో పని చేసి ఎక్కువ మోతాదులో చెయ్యకపోతే, దాన్ని ప్రయోగ దోషమని కొట్టిపారెయ్యకండి. అక్కడ అసలు రసాయనం దాగుంటుంది.

కాంప్లెక్స్ నిలబడుతోందా?

డీఎంఎస్‌ఓ నిష్క్రియ ద్రావణి అనుకోవద్దు. అదీ ఒక లైగాండే. ఆక్సిజన్‌తోనో గంధకంతోనో లోహాన్ని పట్టుకుంటుంది. ఇక మ్యూలర్-హింటన్ ద్రవం చూడండి, అందులో ఆమ్లంతో విడగొట్టిన కేసిన్, మాంసపు సారం ఉంటాయి. అమైనో ఆమ్లాలు నిండుగా ఉన్న నీళ్లన్నమాట. హిస్టిడిన్ లాంటివి రాగిని ఎంత గట్టిగా పట్టుకుంటాయో మీకు తెలుసు. ఇర్వింగ్-విలియమ్స్ క్రమం (ఏ లోహం లైగాండ్లని ఎంత గట్టిగా పట్టుకుంటుందన్న వరుస) ప్రకారం మీ నాలుగు లోహాల్లో అన్నిటికన్నా గట్టిగా బంధం కట్టేది రాగే. అదే కారణంగా ద్రవంలోని అమైనో ఆమ్లాలూ రాగినే ముందు లాక్కుంటాయి. పైగా షిఫ్ బేస్ బంధం నీటిలో, ముఖ్యంగా ఆమ్లత ఉంటే, మెల్లగా ఆల్డిహైడ్, ఎమీన్లుగా విడిపోతుంది. సాలిసిలాల్డిహైడ్‌కీ కొంత సూక్ష్మజీవ నిరోధక గుణం ఉంది. కాబట్టి దాన్నీ ఒక కంట్రోల్‌గా పెట్టండి.

పరీక్ష తేలికే. డీఎంఎస్‌ఓ స్టాక్‌ని పీహెచ్ 7.4 బఫర్‌లోకి, విడిగా మ్యూలర్-హింటన్ ద్రవంలోకి వేసి 0, 1, 4, 24 గంటల దగ్గర యూవీ-విజిబుల్ వర్ణపటం తియ్యండి. బాక్టీరియా పెరిగే ఉష్ణోగ్రతలోనే ఉంచండి. శిఖరాలు కదిలాయా, ఆధార రేఖ పైకి లేచిందా చూడండి. ఆధార రేఖ లేస్తే అవక్షేపం పడుతున్నట్టు. జింక్ కాంప్లెక్స్ డయామాగ్నెటిక్ (జత లేని ఎలక్ట్రాన్లు లేనిది) కాబట్టి ఎన్ఎంఆర్‌తో డీఎంఎస్‌ఓలో ఏం జరుగుతోందో నేరుగా చూడొచ్చు. ఫాస్ఫేట్ బఫర్ మాత్రం వాడకండి, జింక్ ఫాస్ఫేట్‌గా పడిపోతుంది. స్టాక్ ద్రావణాన్ని నెలల తరబడి ఫ్రిజ్‌లో ఉంచి వాడే అలవాటుంటే మానుకోండి. ఏ రోజు పరీక్షకి ఆ రోజే చేసుకోండి.

ఇదంతా చేసేముందు సమ్మేళనం శుద్ధంగా ఉందో లేదో తేల్చాలి. మీరు పంపిన వివరాల్లో ఐఆర్ (పరారుణ వర్ణపటం) ఉంది. అజోమిథైన్ (షిఫ్ బేస్‌లోని C=N బంధం) శిఖరం 1625 నుంచి 1608కి దిగింది, ఫినాలిక్ ఓహెచ్ పోయింది. బంధం ఏర్పడిందనటానికి ఇది మంచి సూచన. కానీ మిగిలిపోయిన రాగి అసిటేట్ 5 శాతం ఉన్నా ఐఆర్‌లో కనబడదు, బాక్టీరియాకి మాత్రం కనబడుతుంది. సీహెచ్ఎన్ (కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ శాతాల) విశ్లేషణ లెక్కకి 0.4 శాతం తేడా లోపు రావాలి. లోహం శాతాన్ని విడిగా ఐసీపీతోనో (లోహాల మోతాదు కొలిచే యంత్రం) కనీసం ఈడీటీఏ టైట్రేషన్‌తోనో చూడండి. డీఎంఎఫ్ ద్రావణిలో మిల్లీమోలార్ ద్రావణానికి మోలార్ వాహకత కొలవండి. అది 65-90 మధ్య వస్తే 1:1 విద్యుద్విశ్లేష్యం. మీరు అనుకుంటున్నట్టు తటస్థ కాంప్లెక్స్ అయితే దానికి చాలా తక్కువ రావాలి. ఒక్క స్ఫటికం దొరికినా ఎక్స్-రేకి పంపండి, వాదనలన్నీ అక్కడితో తీరిపోతాయి. అన్నట్టు, ఎప్పుడైనా అసిటేట్లకు బదులు పెర్‌క్లోరేట్ లవణాలు వాడాల్సి వస్తే వాటిని వేడి చేసి ఆరబెట్టకండి, లోహపు గరిటెతో గీకకండి. పేలతాయి. చిన్న మోతాదులో కూడా.

జోన్ నుంచి ఎంఐసీకి

డిస్క్ 6 మి.మీ. ఉంటుంది. మీ లైగాండ్‌కి వచ్చిన 9 మి.మీ. జోన్ అంటే డిస్క్ అంచు నుంచి మిల్లీమీటరున్నర. ఆ పరిమాణంలో చర్య గురించి ఏమీ చెప్పలేం. ఇంకో సంగతి, జోన్ పరిమాణం చర్య మీదే కాక ఆ అణువు అగార్‌లో ఎంత దూరం పాకుతుందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఆవేశం ఉన్న చిన్న అయాన్ బాగా పాకుతుంది. తటస్థంగా ఉన్న, నీటిలో కరగని కాంప్లెక్స్ డిస్క్ మీదే కూర్చుంటుంది. నా చేతి మీదుగా పోయిన ఒక జింక్ కాంప్లెక్స్‌కి జోన్ సున్నా. ద్రవంలో ఎంఐసీ 8. డిస్క్ పరీక్ష ఒక్కటే చేసి ఉంటే దాన్ని పారేసేవాళ్లం. ప్రామాణిక డిస్క్ పద్ధతి కొలతలన్నీ తెలిసిన యాంటీబయాటిక్‌ల కోసం, వాటి విస్తరణ గుణాల ఆధారంగా కట్టినవి. 5 మైక్రోగ్రాముల సిప్రోఫ్లాక్ససిన్ డిస్క్ పక్కన కొన్ని వందల మైక్రోగ్రాముల కొత్త సమ్మేళనం పెట్టి "మందుతో సమానం" అని రాయటం దయచేసి చెయ్యకండి.

ద్రవ సూక్ష్మవిలీన పద్ధతికి (ప్లేట్ గుంటల్లో ద్రవంలో ఎంఐసీ కొలిచే తీరు) సీఎల్‌ఎస్‌ఐ అనే ప్రయోగశాల ప్రమాణాల సంస్థ ఎం07 పత్రం ఉంది, దాన్నే అనుసరించండి. ముఖ్యమైనవి చెప్తాను. కేటయాన్లు సరిచేసిన మ్యూలర్-హింటన్ ద్రవం. 0.5 మెక్‌ఫార్లాండ్ (ద్రవం మసకతనంతో బాక్టీరియా గాఢత చెప్పే ప్రమాణం) గాఢతకి తెచ్చిన బాక్టీరియాని 150 రెట్లు పలచన చేసి గుంటలో సమాన పరిమాణంలో కలిపితే చివరికి మిల్లీలీటరుకు సుమారు 5 లక్షల సీఎఫ్‌యూ (బతికున్న బాక్టీరియా లెక్క) వస్తుంది. వచ్చిందో లేదో ప్రతిసారీ ప్లేట్ మీద లెక్కపెట్టండి, బాక్టీరియా పదింతలైతే ఎంఐసీ మీ చేతుల్లో ఉండదు. 35 డిగ్రీల దగ్గర 16-20 గంటలు. డీఎంఎస్‌ఓ చివరికి 1 శాతం మించకూడదు, అన్ని గుంటల్లోనూ ఒకేలా ఉండాలి. నాణ్యత కోసం ఏటీసీసీ ప్రామాణిక రకాలు 25922 ఎశ్చరిషియా కోలి, 29213 స్టాఫ్ పెట్టండి. 25922 మీద సిప్రోఫ్లాక్ససిన్ 0.004 నుంచి 0.016 మధ్య రాకపోతే ఆ రోజు ప్లేట్ మొత్తం వదిలెయ్యండి, మీ కాంప్లెక్స్ ఎంత అందమైన అంకె ఇచ్చినా సరే.

మూడు వేర్వేరు రోజుల్లో చెయ్యండి. రెండింతల విలీనాల్లో ఒక మెట్టు అటూఇటూ రావటం సహజం. కాబట్టి లైగాండ్‌కి 32, కాంప్లెక్స్‌కి 16 వస్తే అది తేడా కాదు. నాలుగు రెట్లు తగ్గితే మాట్లాడుకుందాం. నా మటుకు 16 లేదా అంతకన్నా తక్కువైతేనే ముందుకు వెళ్తాను. 500, 1000 దగ్గర వచ్చిన చర్యని చర్య అనను.

రంగు విషయంలో జాగ్రత్త. మీ రాగి, కోబాల్ట్ కాంప్లెక్సులకి రంగుంటుంది. 600 నానోమీటర్ల దగ్గర సాంద్రత చదివే యంత్రాన్ని నమ్మితే మోసపోతారు. బాక్టీరియా లేకుండా కాంప్లెక్స్ మాత్రమే ఉన్న గుంటల వరుస ఒకటి పెట్టండి. రెసజురిన్ (బతికున్న కణాలుంటే రంగు మారే సూచిక) వాడితే కాంప్లెక్స్ నేరుగా దానితో చర్య జరపట్లేదని కూడా అదే వరుసలో చూడండి. అనుమానం వచ్చిన ప్రతి గుంటలోంచీ 5 మైక్రోలీటర్లు తీసి అగార్ మీద చుక్క పెట్టండి. పొద్దున్నే ఏది పెరిగిందో కళ్లకి కనబడుతుంది. ఆపుతోందా, చంపుతోందా అని కూడా అప్పుడే తేల్చొచ్చు. మొదట వేసిన బాక్టీరియాలో 99.9 శాతం పోతే చంపినట్టు లెక్క.

"కీలేషన్ సిద్ధాంతం" గురించి

లోహం ఆవేశం కొంత లైగాండ్ మీదికి పంచుకోబడి, కాంప్లెక్స్‌కి కొవ్వులో కరిగే గుణం పెరిగి, పొర దాటి లోపలికి వెళ్తుందని ట్వీడీ, ఓవర్టన్ పేర్లతో ప్రతి పేపర్లోనూ ఒక పేరా ఉంటుంది. సాధ్యమే. కానీ దాన్ని కొలవకుండా వివరణగా రాయటం నాకు నచ్చదు. నిజంగా అదే కారణమైతే కొలిచే మార్గాలున్నాయి. ఆక్టనాల్-నీటి పంపకం కొలవండి. బాక్టీరియాని ఒక గంట కాంప్లెక్స్‌తో, ఇంకో భాగాన్ని అంతే రాగి అసిటేట్‌తో ఉంచి, కడిగి, కణాల్లో ఎంత రాగి చేరిందో ఐసీపీతో చూడండి. కాంప్లెక్స్ ఇచ్చినప్పుడు రాగి అనేక రెట్లు ఎక్కువ చేరితే, లైగాండ్ రాగిని మోసుకెళ్లి లోపల దించుతోందన్నమాట. అప్పుడు కాంప్లెక్స్ లోపల విడిపోయినా ఫర్వాలేదు, అదే దాని పని. జింక్ పిరిథియోన్ శిలీంధ్రాల మీద పని చేసే తీరులో కణంలోకి రాగి ఎక్కువగా చేరటం ఒక ముఖ్య భాగం. ఇలాంటి ఒక్క ప్రయోగం మీ పేపర్ స్థాయినే మార్చేస్తుంది.

డాకింగ్ (అణువు ప్రోటీన్‌కి ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్‌లో వేసే అంచనా) గురించి ఒక్క మాట. ఎంచుకున్న ప్రోటీన్ నిజంగా లక్ష్యమని చూపించకుండా, లోహానికి సరైన పరామితులు లేకుండా చేసిన డాకింగ్ బొమ్మ వల్ల మీ వాదన బలపడదు. తీసెయ్యమని నా సలహా.

మన కణాల్ని కూడా చంపుతోందా?

రాగి కాంప్లెక్సులు చాలావరకు మానవ కణాల్నీ వదలవు. హెచ్‌ఈకే293 లాంటి మానవ కణాల మీద సగం చచ్చే మోతాదు కొలవండి, ఎర్రరక్తకణాలు పగులుతున్నాయో చూడండి. ఆ మోతాదు ఎంఐసీకి కనీసం పదిరెట్లు దూరంగా ఉండాలని నేను కోరుకుంటాను. ద్రవంలో 10 శాతం సీరమ్ కలిపి ఎంఐసీ మళ్లీ చేసి చూడండి. రక్తంలోని అల్బుమిన్ రాగిని చాలా గట్టిగా పట్టుకుంటుంది. సీరమ్ కలపగానే చర్య మాయమైతే మీ కాంప్లెక్స్ రక్తంలోకి పంపే మందు కాదు, చర్మం మీద పూతగానో పరికరాల పైపొరగానో ఆలోచించాలి. సిల్వర్ సల్ఫాడయజీన్ కాలిన గాయాల మీద పూతగానే నిలబడింది, 1968 నుంచి.

గ్రామ్ నెగటివ్ (ఎశ్చరిషియా కోలి లాంటి) బాక్టీరియా మీద మీ నాలుగూ పని చెయ్యకపోతే నిరాశపడకండి. వాటి బయటి పొర చాలా వాటిని ఆపేస్తుంది. ఆర్థరైటిస్‌కి 1985లో అనుమతి పొందిన బంగారు మందు ఆరనోఫిన్ కూడా గ్రామ్ పాజిటివ్‌ల (స్టాఫ్ లాంటివాటి) మీద బాగా పని చేసి, వీటి దగ్గర వెనకబడుతుంది. పాలీమిక్సిన్ బి నోనాపెప్టైడ్‌తో పొరని వదులు చేసి మళ్లీ పరీక్షిస్తే అడ్డు పొరదా, లోపలి లక్ష్యం లేకపోవటమా అన్నది తెలుస్తుంది.

ఇదంతా చదివి లోహ కాంప్లెక్సుల మీదే నమ్మకం పోతుందేమో అని ఒక అంకె చెప్తాను. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలోని కో-ఆడ్ బృందం ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన సమ్మేళనాల్ని ఒకే పద్ధతిలో పరీక్షించి 2020లో ఫలితాలిచ్చింది. 906 లోహ సమ్మేళనాల్లో 88 సూక్ష్మజీవుల మీద పని చేసి, మానవ కణాల్ని, ఎర్రరక్తకణాల్ని వదిలేశాయి. వాళ్ల లెక్కలో లోహ సమ్మేళనాల విజయ శాతం 9.9, లోహం లేని సేంద్రియ సమ్మేళనాలది 0.87. కాబట్టి మీరు తవ్వుతున్న చోట నిజంగానే సరుకుంది.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన వరుస. ముందు సీహెచ్ఎన్, లోహం శాతం. అవి సరిగ్గా వచ్చాక 24 గంటల యూవీ వర్ణపటాలు. ఆ తర్వాత ఒకే 96 గుంటల ప్లేట్‌లో రాగి కాంప్లెక్స్, లైగాండ్, రాగి అసిటేట్, రెండిటి మిశ్రమం, సాలిసిలాల్డిహైడ్, సిప్రోఫ్లాక్ససిన్, బాక్టీరియా లేని కాంప్లెక్స్ వరుస, సమ్మేళనం లేని పెరుగుదల వరుస పెట్టండి. ఎనిమిది వరుసలూ సరిగ్గా సరిపోతాయి. ఒకవేళ అసిటేట్‌కీ కాంప్లెక్స్‌కీ ఒకే అంకె వస్తే దాన్ని దాచకుండా అలాగే రాయండి, అలాంటి పట్టిక చూసి ఇంకొకరు ఏళ్లు వృథా చేసుకోకుండా బయటపడతారు. మీ అనిలీన్ మీద ఏ గ్రూపుందో, కాంప్లెక్సుల్ని దేంట్లో కడిగారో మీరు రాయలేదు. అవీ, ఆ ప్లేట్ అంకెలూ ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.